దర్శనం టికెట్టుకు ఉన్న తనిఖీ డొమైన్ పేరుకేదీ?

తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టును ఒకరి పేరున తీసుకుని మరొకరికి అమ్ముకోవడం దళారికి అంత తేలిక కాదు. క్యూలోకి పంపే ముందు టికెట్టు మీది పేరును గుర్తింపు కార్డుతో సరిచూస్తారు. తమ దేశంతో సంబంధం ఉన్నవారికే డొమైన్ పేరు, అంటే వెబ్‌సైటు చిరునామాగా వాడే పేరు, ఇస్తామని నియమం పెట్టుకున్న చాలా దేశాలకు లేనిది సరిగ్గా ఆ ద్వారమే. రుసుము కడుతున్నంత కాలం పేరు నడుస్తుంది. కట్టేవాడు ఎక్కడున్నాడో చూడాల్సిన సందర్భం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప, సాధారణంగా రాదు.

అమెరికా వారి డాట్ యూఎస్, కెనడా వారి డాట్ సీఏ, ఐరోపా సమాఖ్య వారి డాట్ ఈయూ పేర్లకు ఇటువంటి నిబంధనలున్నాయి. అయితే చాలా దేశాల పేర్లకు స్థానిక చిరునామాను అద్దెకిచ్చే సేవను కొందరు రిజిస్ట్రార్లే (పేర్లను జనానికి నమోదు చేసిచ్చే సంస్థలే) అమ్ముతారు. భూముల వ్యవహారంలో మనం బినామీ అనేది అక్కడ ధరల పట్టికలోనే కనిపిస్తుంది. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగాక, 2021 జనవరి 1న, సుమారు 80 వేల డాట్ ఈయూ పేర్లను నిలిపివేశారు. నమోదుదారు రాసిచ్చిన చిరునామాయే రిజిస్ట్రీకి (ఆ పేర్లన్నిటి జాబితాను నిర్వహించే సంస్థకు) ప్రధాన ఆధారం కనుక, ఆ వేటు ముఖ్యంగా బ్రిటన్ చిరునామాను దాచకుండా రాసినవారికే తగిలింది.

మన డాట్ ఇన్‌ను 2005లోనే, నివాసంతో నిమిత్తం లేకుండా, అందరికీ తెరిచారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. టీటీడీ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తులను మోసగిస్తున్నారని 2023లో తిరుమల పోలీసులు కేసు పెట్టారు. అటువంటివి నడిపేవారు దేశంలోనే ఉండవచ్చు, అప్పుడు నివాస నిబంధన వారిని ఏం ఆపుతుంది? టీటీడీ అధికారిక సైటు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ కింద ఉండటమే భక్తుడికి అంతకంటే గట్టి గుర్తు. ఆ పేరు ప్రభుత్వ సంస్థలకే, అదీ ముందుగా పరిశీలించాకే ఇస్తారు, పైగా అది మారుబేరానికి, అంటే తీసుకున్నవారు మరొకరికి అమ్ముకోవడానికి, దొరకదు.

మారుబేరాన్ని నిషేధించడం మాత్రం దారి కాదు. ఆస్ట్రేలియా చాలాకాలం తన పేర్లను మరొకరికి అమ్ముకోవడాన్ని ఒప్పుకోలేదు, 2008లో అనుమతించింది. కొనేవాడికీ ఆ దేశంతో సంబంధం ఉండాలన్న షరతును వదల్లేదు. తనిఖీకి అనువైన చోటు బదిలీయే, ఎందుకంటే అక్కడ డబ్బు, పేరు రెండూ చేతులు మారతాయి. తెలివైన మారుబేరగాడు పేరు బదిలీ చేయకుండా ఖాతా పాస్‌వర్డునే అమ్మేస్తే రిజిస్ట్రీకి ఆ సంగతే తెలియదు గనుక, పునరుద్ధరణ వేళ కూడా నమోదుదారు గుర్తింపును మళ్లీ అడగాల్సి ఉంటుంది.