జనవరి 6 అంటే 6నే: టార్పన్ స్ప్రింగ్స్ గ్రీకుల పండగ

ఫ్లోరిడాలోని టార్పన్ స్ప్రింగ్స్‌లో గ్రీకులు ఏటా జనవరి 6న ఎపిఫనీ జరుపుకుంటారు. యేసు యోర్దాను నదిలో బాప్తిస్మం పొందిన రోజుగా ఆర్థడాక్స్ క్రైస్తవులు చేసుకునే పండగ. ఆ ఊళ్లో 1906 నుంచి ఉన్న ఆనవాయితీ. మంగళవారం పడినా గురువారం పడినా అదే తేదీ. విదేశాల్లో మన సంఘాలు హాలు దొరికిన శనివారాన్నే ఉగాది అనుకుంటున్నాయి. ఇబ్బందులున్న మాట నిజమే, కానీ ఈ గ్రీకులకూ ఉద్యోగాలున్నాయి, బడులున్నాయి. అయినా తేదీని కదపలేదు. ఆ పట్టుదలంటే నాకు గొప్ప గౌరవం.

టాంపా నుంచి అక్కడికి 50 కిలోమీటర్ల లోపే. చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది మధ్యాహ్నానికి దిగి, కుర్రాళ్లు నీళ్లలో దూకుతుంటే వీడియో తీసుకుని, తేనె పోసిన లుకుమాదెస్ (నూనెలో వేయించిన పిండి ఉండలు) తిని వెళ్లిపోతారు. దాంతో అసలు పండగ చేజారిపోతుంది. అది ముందురోజే, సముద్రంలోంచి స్పాంజి తెచ్చే పడవలకు రేవులో ఆశీర్వాదం చేయడంతో మొదలవుతుంది. 6న పొద్దున సెయింట్ నికొలస్ కెథెడ్రల్‌లో సుదీర్ఘమైన ఆరాధన, నీటిని పవిత్రం చేసే ప్రార్థన. ఆ తర్వాతే స్ప్రింగ్ బేయూ అనే మడుగు దాకా ఊరేగింపు. తెల్ల పావురాన్ని పట్టుకుని ఒక అమ్మాయి నడుస్తుంది. 16 నుంచి 18 ఏళ్ల కుర్రాళ్లు చిన్న చిన్న పడవల్లో అర్ధచంద్రాకారంగా నిలబడతారు. పావురాన్ని వదిలి, మతాధిపతి తెల్లటి చెక్క శిలువను నీళ్లలోకి విసరగానే అందరూ ఒక్కసారిగా దూకుతారు. శిలువ దొరికినవాడికి ఏడాదంతా దీవెన ఉంటుందని నమ్మకం. దూకే వంతు ఇప్పటికీ అబ్బాయిలదే. అమ్మాయిలకూ ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఈ ఊరి పండగ నీళ్ల చుట్టూ తిరగడానికి కారణం ఇక్కడివాళ్ల వృత్తి. గ్రీకులు రాకముందే ఇక్కడ స్పాంజి వ్యాపారం ఉంది. అడుగున గాజు బిగించిన బకెట్లోంచి చూస్తూ, పొడవాటి గడకు కట్టిన కొక్కెంతో పడవలోంచే స్పాంజిని పీకేవాళ్లు. గడ అందినంత లోతే వాళ్ల వేట. 1905లో జాన్ కొకోరిస్ అనే గ్రీకు స్పాంజి వ్యాపారి గ్రీసు నుంచి గజ ఈతగాళ్లను, గాలి పంపును, రాగి హెల్మెట్ ఉన్న డ్రెస్సును తెప్పించాడు. దాంతో లోతు నీళ్లలోని పెద్ద స్పాంజీలు చేతికొచ్చాయి. కాలిమ్నోస్, సిమి, హాల్కి అనే గ్రీకు దీవుల నుంచి వందల మంది వచ్చి స్థిరపడ్డారు. ఇవాళ అమెరికాలో జనాభా నిష్పత్తిలో గ్రీకు మూలాలవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు ఇదే.

ఆ డ్రెస్సు తేలిక సరంజామా కాదు. రబ్బరు పూసిన కాన్వాసు, ఛాతీకి సీసపు దిమ్మలు, బరువు బూట్లు, హెల్మెట్ అన్నీ కలిపి 70 కిలోలు దాటేది. లోతున ఎక్కువసేపు ఉండి గబుక్కున పైకొస్తే, ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని బుడగలై కీళ్లలో, వెన్నుపాములో చేరుతుంది. చావో పక్షవాతమో. అందుకే కాలిమ్నోస్‌లో మిహానికోస్ అనే నాట్యం పుట్టింది. ముందు నడిచే నర్తకుడు చేతికర్ర మీద వాలి, కాళ్లు వణికిస్తూ, కాళ్లు పడిపోయిన ఈతగాణ్ని అభినయిస్తాడు. ఎక్కడైనా అది చూస్తే ఈల వేయకండి.

స్పాంజి జంతువు, మొక్క కాదు. పైకి తీసినప్పుడు నల్లటి తోలుతో, జిగటగా ఉంటుంది. మొదలుకు ఒక అంగుళం వదిలి కోస్తే మళ్లీ పెరుగుతుంది, మొదలంటా పీకితే ఆ చోటు ఖాళీ. పడవ మీద పరిచి తడి గోనెపట్టా కప్పి ఉంచితే రెండు మూడు రోజుల్లో తోలు కుళ్లి ఊడుతుంది. గోనె ఆరనిస్తే తోలు గట్టిపడి పట్టుకుపోతుంది. తర్వాత గీకి, పిండి, ఉప్పునీళ్లలో కడిగి, తాడుకు గుచ్చి ఆరబెడతారు. ఈ కడుగుడులో బద్ధకిస్తే ఆ కంపు ఎన్నాళ్లయినా వదలదు.

1947లో రెడ్ టైడ్ (సముద్రంలో విపరీతంగా పెరిగే విషపు నాచు) వచ్చి స్పాంజి పెరిగే చోట్లు నాశనమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కృత్రిమ స్పాంజి మార్కెట్ పట్టేసింది. వృత్తి కుదించుకుపోయినా ఊరు చెదరలేదు. బాగా బతికిన రోజుల్లో, 1943లో, ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా తరహాలో కట్టుకున్న కెథెడ్రల్ ఉంది, కాఫీ కొట్లున్నాయి, కొన్ని పడవలు ఇంకా వేటకు వెళ్తున్నాయి. 2014లో గ్రీక్‌టౌన్ ప్రాంతం అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. భవనాల అందం ఒక్కటే కాదు, అక్కడ సాగుతున్న జీవన సంప్రదాయం కూడా ఆ గుర్తింపుకు కారణం.

వెళ్లేవాళ్లు 5నే చేరుకోండి, రేవులో ఆశీర్వాదం చూడండి. 6న కెథెడ్రల్ ప్రార్థన వదలకండి, మాట్లాడకుండా వెనక నిలబడండి. తిరిగొచ్చేటప్పుడు స్పాంజి కొంటే ‘వూల్’ (ఉన్ని) రకం అడగండి, మెత్తదనం, మన్నిక రెండూ దానికే ఎక్కువ. పసుప్పచ్చగా మెరిసేది చాలావరకు బ్లీచ్ చేసింది, పీచు బలహీనపడి త్వరగా చిరుగుతుంది. ముదురు గోధుమ రంగుది తీసుకోండి. ఎండి గట్టిగా ఉంటే భయపడక్కర్లేదు, గోరువెచ్చని నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మరిగే నీళ్లలో మాత్రం వేయకండి, కుంచించుకుపోయి పనికిరాకుండా పోతుంది.