రాత్రి తొమ్మిదింటికి ఎవరుంటారు?

మా మేనకోడలికి ఐదో తరగతి గురుకులం సీటు వచ్చింది. పదేళ్ల పిల్ల, మా ఊరి నుంచి బడి 60 కిలోమీటర్లు, అందులో సగం అడవి దారి. పంపాలా వద్దా అని మొన్న ఆదివారం అక్కకూ నాకూ మొదలైన వాదన రాత్రి అన్నాల దాకా సాగింది. మాది ములుగు జిల్లాలో కోయ కుటుంబం. అక్క గిరిజన పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదివి ఇంటికి వచ్చేసింది, ఇప్పుడు అంగన్‌వాడీలో చేస్తోంది. నేను గురుకులంలో ఐదు నుంచి ఇంటర్ దాకా చదివి హనుమకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. తమ్ముడు అని ఉన్నది నేనే. నాకు ఇబ్బందిగా ఉన్న మాటలు కూడా తీసేయలేదు.

తమ్ముడు: ఎంట్రన్స్ రాయించింది నువ్వే కదక్కా. ఫొటో దిగించావు, కుల సర్టిఫికెట్ కోసం మీ సేవ చుట్టూ తిరిగావు. సీటొచ్చాక వద్దంటే ఎట్లా?

అక్క: రాయించాను, నిజమే. రిజల్ట్ చూసి సంతోషపడ్డా కూడా. ఆ రాత్రి పిల్ల నా మీద కాలేసి పడుకుంది చూడు, అప్పుడు పట్టుకుంది బుగులు. వచ్చే నెల నుంచి దీని పక్కన ఎవరు పడుకుంటారు అని.

తమ్ముడు: పక్కన 40 మంది పడుకుంటారు. నేను పడుకోలేదా? మొదటి నెల ఏడ్చాను, దసరా సెలవులకు ఇంటికొచ్చి నాలుగో రోజుకే ఫ్రెండ్స్ గుర్తొచ్చారు. పొద్దున ఐదింటికి బెల్లు, డ్రిల్లు, స్నానానికి లైను, స్టడీ అవరు... అప్పుడు తిట్టుకున్నాను గానీ ఇవాళ ల్యాబ్‌లో పన్నెండు గంటలు నిలబడి పని చేయగలుగుతున్నా అంటే ఆ అలవాటే. మన పీవీ నరసింహారావు సీఎంగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం పెట్టారు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టినాయన, ఊళ్లో పిల్లలకు చదువు ఎంత దూరమో తెలిసినాయన. ఆయనే కేంద్రంలో ఉన్నప్పుడు నవోదయ హాస్టల్ బడులు వచ్చాయి, వరంగల్ దగ్గర మామునూరులో ఉన్నది ఆ లెక్కలోదే. ఈ బడులే లేకపోతే మనలాంటి ఇళ్ల నుంచి డిగ్రీ దాకా ఎంతమంది వెళ్లేవాళ్లు?

అక్క: పీవీ గారు పెట్టింది మంచికే, కాదనను. నేనడిగేది వేరే. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు జ్వరం వచ్చింది, నీకు గుర్తుండదు, చిన్నోడివి. మూడు రోజులు అదే దుప్పట్లో ఉన్నా. నీళ్లు తెచ్చింది నా పక్క మంచం పిల్లే, పెద్దవాళ్లెవరూ కాదు. నాలుగో రోజు ఎవరో సంతకు వచ్చినాయన చెప్తే నాయన సైకిల్ మీద వచ్చాడు. నన్ను ముందు కూర్చోబెట్టుకుని తీసుకొస్తుంటే వాగు దగ్గర దిగి మొహం కడుక్కున్నాడు. ఏడ్చాడని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

(ఈ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. కొంచెంసేపు ఏం మాట్లాడాలో తోచలేదు.)

తమ్ముడు: అది అప్పటి మాట అక్కా. ఇప్పుడు గురుకులాల్లో నర్సు ఉంటుంది, నైట్ డ్యూటీ టీచర్ ఉంటారు, ఫోన్ చేసుకునే వీలుంది. 2024లో మెస్ చార్జీలు పెంచారు. మూడు నుంచి ఏడు చదివే పిల్లలకు నెలకు 950 ఉండేది, 1,330 చేశారు. ఎనిమిది నుంచి పది వాళ్లకు 1,540.

అక్క: 1,330 అంటే రోజుకు 44 రూపాయలు. అందులోనే పొద్దున టిఫిన్, రెండు పూటల అన్నం, సాయంత్రం గుడాలు, గుడ్డు, పాలు. అంగన్‌వాడీలో రోజూ లెక్కలు రాసేదాన్ని, నాకు చెప్పకు. అంతకు ముందు 32 రూపాయలు కూడా లేవు, కాబట్టి పెంచింది మంచిదే. కానీ పేపర్లో కలుషితాహారం అని చూస్తున్నాం కదా, పిల్లల్ని ఆటోల్లో ఆసుపత్రికి తీసుకుపోయిన ఫొటోలు. అన్నిసార్లూ డబ్బు తక్కువయ్యే జరుగుతుందా?

తమ్ముడు: కాదు, ఇది నేను చెప్తా, నా పనే ఇది. పెద్ద గిన్నెల్లో అన్నం వండి మూతపెట్టి గంటలకొద్దీ వదిలేస్తే అందులో బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చావొచ్చు, ఆ విషం పోదు. పొద్దుటి అన్నం మిగిలిందని రాత్రికి కలిపి పెడితే ఇంట్లో ఐదుగురికి వాంతులు, హాస్టల్లో వందమందికి. రెండోది ట్యాంకు. బోరు నీళ్లు బాగున్నా ట్యాంకు కడగకపోతే అంతే. దీనికి కోట్లు అక్కర్లేదు, తారీఖు రాసుకుని కడిగించే మనిషి ఉండాలి.

అక్క: అదే కదా నేనంటున్నది. మనిషి ఉండాలి. పట్నంలో హాస్టల్ అయితే తండ్రులు పొద్దున్నే గేటు దగ్గరుంటారు, పేపరోళ్లు వస్తారు. అడవిలో బడికి ఎవరొస్తారు? 2023 జూలై మర్చిపోయావా, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు? జంపన్న వాగు ఊళ్ల మీదికి వచ్చింది, మనం ఇల్లు దాటలేకపోయాం. ఆ టైంలో పిల్ల అక్కడుంటే నేనేం చేసేదాన్ని?

తమ్ముడు: వాన ఇక్కడా పడుతుంది. నిజం మాట్లాడుకుందాం. ఊళ్లో బడికి సారు ఒక్కరే, ఐదు తరగతులు. ఆరు నుంచి మండలానికి బస్సులో పోవాలి, వానాకాలం బస్సు రాదు. ఎదురింటి పిల్ల ఎనిమిదిలో మానేసింది బస్సు లేకే కదా? పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దానికి నువ్వే గాజులు వేయించావు.

అక్క: (చాలాసేపటి తర్వాత) వేయించాను. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా అదే అనిపిస్తుంది. కానీ విద్యా హక్కు చట్టంలో ఏముంది? ఐదు దాకా కిలోమీటరులో, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలో బడి ఉండాలని. ఊరి బడి పాడైపోయాక 60 కిలోమీటర్ల అవతల మంచి బడి చూపిస్తే అది నేను ఎంచుకున్నట్టా? వేరే దారి లేక పంపడమే కదా.

తమ్ముడు: ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఊరి బడి బాగయ్యేదాకా దీని వయసు ఆగదు. మాలావత్ పూర్ణ 14 నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది, 2014 మేలో. గురుకులం పిల్లే. చదివింది తాడ్వాయిలో, మన తాడ్వాయి కాదు, కామారెడ్డి దగ్గరిది. ఆ అమ్మాయి ఇంట్లో ఉండి ఉంటే కొండ ఎక్కడం అనేది ఒకటుందని తెలిసేదా?

అక్క: పూర్ణ పేరు అందరికీ తెలుసు. మధ్యలో పెట్టె సర్దుకుని వచ్చేసిన నాలాంటోళ్ల పేర్లు ఎవరు రాసుకున్నారు? ఇంకోటి విను. నేను ఆశ్రమంలో చేరినప్పుడు నాకు తెలుగు సరిగ్గా రాదు. కోయలో మాట్లాడితే నవ్వేవాళ్లు. ఏడాదిలో తెలుగు వచ్చింది, ఇంటికొచ్చి అవ్వతో మాట్లాడాలంటే నోరు తిరగలేదు. ఇప్పుడు నా బిడ్డ అవ్వ చెప్పేది అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం తెలుగులో ఇస్తుంది. అక్కడికి పోతే ఆ అర్థం కావడం కూడా పోతుంది.

తమ్ముడు: భాష పోయింది హాస్టల్ వల్లే కాదు అక్కా, మన ఫోన్ల వల్ల కూడా.

అక్క: సరే. నిన్నొకటి అడుగుతా, అబద్ధం చెప్పకు. అక్కడ ఎప్పుడూ భయపడలేదా నువ్వు?

(ఇక్కడ నేను తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.)

తమ్ముడు: పడ్డాను. ఆరో తరగతిలో ఒక సీనియర్ ఉండేవాడు. స్టడీ అవర్ అయ్యాక, లైట్లు తీసేలోపు. బట్టలు ఉతికించేవాడు, ఉతక్కపోతే బెల్టు. దాదాపు మూడు నెలలు. వాడు పది పాసై పోయాక ఆగింది.

అక్క: ఎవరికి చెప్పావు?

తమ్ముడు: ఎవరికీ చెప్పలేదు. నెలకోసారి నాయన వచ్చేవాడు, పల్లీలు తెచ్చేవాడు. ఆయన మొహం చూసి చెప్పబుద్ధి కాలేదు. ఎవరైనా పక్కన కూర్చుని అడిగి ఉంటే చెప్పేవాణ్నేమో. డ్యూటీ సారు ఉండేవారు, తన గదిలో. పగలంతా బడి మంచిగానే ఉండేది అక్కా, నేను చెప్పినవన్నీ నిజమే. లెక్కల సారు లాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. రాత్రి తొమ్మిది నుంచి పది దాకా, ఆ గంటే...

అక్క: నాకు జ్వరం వచ్చినప్పుడూ అదే గంట. మరి ఇంతసేపు పంపు పంపు అని ఎందుకు వాదించావురా?

తమ్ముడు: ఇప్పుడూ పంపమనే అంటున్నా. ఆ గంట సంగతి తేల్చుకుని పంపుదాం. పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు దానికి నోటికి నేర్పిద్దాం. నెలకోసారి నువ్వు, మధ్యలో నేను. పల్లీలు ఇచ్చి రావడం కాదు, చెట్టు కింద కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడదాం, కోయలోనే మాట్లాడదాం, పక్కన ఎవరున్నా దానికి భయం లేకుండా.

అక్క: ముందు ఆ బడి చూడాలి నేను. ప్రిన్సిపల్ మేడం గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తే కుదరదు. వంటగది చూడాలి, ట్యాంకు ఎప్పుడు కడిగారో అడగాలి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పిల్లల దగ్గర ఎవరుంటారో నా కళ్లతో చూడాలి.

తమ్ముడు: ఆడపిల్లల బడి, రాత్రిపూట రానివ్వరు.

అక్క: నిన్ను రానివ్వరు, నువ్వు గేటు బయట ఉండు. నేను తల్లిని, పొద్దున ఫోన్ చేసి మేడంను నేనే అడుగుతా. వద్దంటే ఎందుకు వద్దో కూడా ఆమెనే అడుగుతా.

తమ్ముడు: ఎప్పుడు పోదాం?

అక్క: రేపు ఆమె సరే అంటే రేపే. బండిలో పెట్రోల్ ఉందా?