పాడుబడ్డ ఇల్లు ఊరి చేతికొచ్చాక…

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న ఫ్లింట్ నగరంలో 1978లో కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఉద్యోగులు దాదాపు 80 వేల మంది. 2010 నాటికి ఆ లెక్క 8 వేల లోపుకి పడిపోయింది. 1960లో రెండు లక్షలకు చేరువైన జనాభా 2020లో 81 వేలకు తగ్గింది. మనుషులు వెళ్లిపోయారు కానీ ఇళ్లు అక్కడే ఉన్నాయి. కిటికీలు పగిలి, రాగి పైపులు దొంగల పాలై, పక్కింటివాళ్లకు రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తున్నాయి.

ఇలాంటి ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం స్థానిక ప్రభుత్వానికి ఉందా అని అందరూ అడుగుతారు. ఆస్తి పన్ను కట్టకపోతే ఆ అధికారం ఉంది. అసలు చిక్కు, చేతికొచ్చిన ఆస్తికి క్లియర్ టైటిల్ (ఎవరూ వివాదం లేవనెత్తలేని యాజమాన్య హక్కు) ఉందా, దాన్ని బాగుచేసే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్న దగ్గర ఉంది.

1999కి ముందు మిషిగన్‌లో ఆస్తి పన్ను బకాయిలను వసూలు చేసుకునే హక్కును ప్రైవేటు వ్యక్తులకు అమ్మేసేవారు. ఆ కాగితాలు చేతులు మారుతుంటే ఐదారేళ్లు గడిచిపోయేవి, ఇల్లు మాత్రం కూలిపోతూ ఉండేది. 1999లో వచ్చిన 123వ చట్టం దీనికి గడువులు పెట్టింది. 2022 పన్ను కట్టలేదనుకుందాం. 2023 మార్చి 1న బకాయి కౌంటీ (మన జిల్లా లాంటిది) ట్రెజరర్‌కు, అంటే కోశాధికారికి వెళ్తుంది. 4 శాతం రుసుము, నెలకు 1 శాతం వడ్డీ పడతాయి. 2024 మార్చి 1న ఆస్తి ఫర్‌ఫీట్ అవుతుంది, అంటే జప్తుకు ముందు మెట్టు ఎక్కుతుంది. వడ్డీ మొదటి నుంచీ నెలకు ఒకటిన్నర శాతంగా మారుతుంది, 175 డాలర్ల ఫీజు కలుస్తుంది. 2025 మార్చి 31 దాటితే కోర్టు తీర్పుతో ఆస్తి కౌంటీది.

ఈలోపు చేయాల్సిన పని నోటీసులు. రికార్డులు వెతికి ఓనరు, బ్యాంకు, వారసులు, ఇలా హక్కున్న ప్రతి ఒక్కరికీ సర్టిఫైడ్ పోస్టు పంపాలి. మనిషి స్వయంగా ఇంటికి వెళ్లి ఎవరైనా ఉన్నారేమో చూడాలి, లేకపోతే తలుపుకి అంటించాలి, పత్రికలో ప్రకటించాలి. ఇందులో ఒక్కటి తప్పినా, యాజమాన్య హక్కుకు బీమా ఇచ్చే టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ వెనక్కి తగ్గుతుంది. ఇన్సూరెన్స్ లేని ఇంటికి బ్యాంకు లోను ఇవ్వదు. అప్పుడు కొనడానికి మళ్లీ ధర పెరుగుతుందని కొని పడేసే స్పెక్యులేటరే మిగులుతాడు.

ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీలో అప్పటి ట్రెజరర్ డాన్ కిల్డీ ఈ చట్టం ఆసరాతో ల్యాండ్ బ్యాంకును, అంటే ఇలా చేతికొచ్చిన ఆస్తులను చూసుకునే ప్రభుత్వ సంస్థను ఏర్పాటు చేశారు. మంచి ఆస్తులు అమ్మగా మిగిలిన డబ్బుతో ఎవరూ కొనని ఇళ్లను కూల్చడం దాని లెక్క. 2003 చట్టాలు ఇంకో దారి చూపాయి. ల్యాండ్ బ్యాంకు అమ్మిన ఆస్తిపై ఐదేళ్లపాటు వచ్చే పన్నులో సగం ల్యాండ్ బ్యాంకుకే చేరుతుంది.

ఆ మిగులు డబ్బు దగ్గరే ఘోరమైన అన్యాయం జరిగింది. ఓక్లాండ్ కౌంటీలో ఒకరు 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ కట్టారు. వడ్డీ, ఫీజులతో బాకీ సుమారు 285 డాలర్లయింది. కౌంటీ ఆ ఆస్తిని 24,500 డాలర్లకు అమ్మి మొత్తం తనే ఉంచుకుంది. 2020లో మిషిగన్ సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. 2023లో మిన్నెసోటా కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా మిగులు ఓనరుదేనని తేల్చింది. ఇది సరైన తీర్పే. పేదవాడి ఇంటి విలువతో ఊరంతా శుభ్రం చేయడం ఎప్పుడూ తప్పే. ఇప్పుడు మిషిగన్‌లో మిగులు కావాలంటే జప్తు జరిగిన ఏడాది జూలై 1 లోగా 5743 నంబరు ఫారం ఇవ్వాలి. ఇల్లు పోగొట్టుకుని చిరునామా కూడా మారిపోయిన మనిషికి ఈ గడువు మరీ తక్కువ. దీన్ని పొడిగించాలి.

ల్యాండ్ బ్యాంకుకు తగ్గిన ఆదాయాన్ని మాత్రం బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. ఎందుకంటే కూల్చివేత చౌక పని కాదు. ముందు గ్యాస్, కరెంటు కనెక్షన్లు తీయించి, మురుగు పైపుకు మూత బిగించాలి. పైపుల చుట్టూ తొడుగులు, పాత నేల టైల్స్ నమూనాలు తీసి ఆస్‌బెస్టాస్ (పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే నార ఖనిజం) పరీక్ష చేయించి, ఉంటే ముందుగా తొలగించాలి. కాలిపోయిన ఇంట్లోకి మనిషి వెళ్లలేడు గనక శిథిలమంతటినీ ఆస్‌బెస్టాస్ చెత్తగానే తరలించాల్సి వస్తుంది, ఖర్చు పెరిగిపోతుంది. దుమ్ము లేవకుండా నీళ్లు కొడుతూనే కూల్చాలి.

అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది బేస్‌మెంట్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో. గోడలు, కింది గచ్చు పూర్తిగా పెకలించాక, గొయ్యి తెరిచి ఉండగానే ఇన్‌స్పెక్టర్ చూడాలి. ఆ తనిఖీ తప్పించుకున్న కాంట్రాక్టరు ఇటుకలు, కలప అందులోనే పూడ్చేస్తాడు. ఒక చలికాలం గడిచాక నేల కుంగి నీళ్లు నిలుస్తాయి. నింపే మట్టి ఎక్కడిదో కాగితం అడగాలి, లేకపోతే ఏ కలుషిత స్థలం మట్టో వచ్చి పడుతుంది. నేల గడ్డకట్టే నెలల్లో విత్తనం మొలవదు కాబట్టి గడ్డి పని వసంతానికి వాయిదా వేసి, ఆ మేరకు బిల్లు ఆపి ఉంచాలి.

తర్వాత ఏటా గడ్డి కోత. జెనెసీలో స్థానిక సంఘాలకు డబ్బిచ్చి ఈ పని చేయిస్తున్నారు. డెట్రాయిట్‌లో పన్ను బాకీ లేని పక్కింటివాళ్లకు ఖాళీ జాగాను 100 డాలర్లకే ఇస్తున్నారు, దానివల్ల కోత బాధ్యత కూడా వాళ్లకే వెళ్తుంది. ఫిలడెల్ఫియా నగరం ఖాళీ స్థలాల్లోని చెత్త ఎత్తించి, గడ్డి వేసి, చుట్టూ ఎత్తు తక్కువ కర్ర కంచె కట్టింది. మనిషి వెళ్లగలిగే సందు ఉంటుంది, చెత్త లారీ మాత్రం లోపలికి రాలేదు. 541 ఖాళీ స్థలాలపై 2018లో వెలువడిన అధ్యయనంలో, ఇలా బాగుచేసిన స్థలాలున్న పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గినట్టు తేలింది.