కాలేయానికి సంజాయిషీ నోటీసు

కుడి డొక్కలో, పక్కటెముకల కింద కిలోన్నర బరువుతో తిష్ఠ వేసిన కాలేయం గారికి తెలియజేయునది. తిప్పతీగ పుచ్చుకున్న పెద్దమనుషులకు తమరు కామెర్లు తెప్పించారని ఫిర్యాదు అందింది. ఆ తీగకు సంస్కృతంలో పేరే అమృత. అమృతం తాగి ఆస్పత్రి పాలైనవాళ్ళు ఏ పురాణంలోనైనా ఉన్నారా? రాహువుకు తల తెగింది గానీ, అది విష్ణుచక్రం పని. లివర్ పని కాదు.

2020 గుర్తుందిగా. మా కింది వాటా బాబాయ్ తెల్లారగానే లుంగీ ఎగగట్టి, వేపచెట్టుకు పాకిన తీగ కోసుకొచ్చి, పైపొర గోరుతో గీకి, జానెడు ముక్కలు మిక్సీలో వేసేవాడు. పైన ఆకుపచ్చ నురగ. ‘ఇమ్యూనిటీరా అబ్బాయ్’ అని నాకూ ఓ గ్లాసు అందించేవాడు. మోతాదు? గ్లాసు నిండా. ఎన్నాళ్ళు? కరోనా పోయేదాకా.

తమరేం చేశారు? ఆ ఏడాది సెప్టెంబరు, డిసెంబరు మధ్య ముంబయిలో ఆరుగుర్ని డాక్టర్ల దగ్గరికి తోలారు. 2021లో ఆ సంగతి బయటికొస్తే ఆయుష్ శాఖ తీగ పక్షాన నిలబడి, అదే పోలికలున్న వేరే తీగ అయ్యుంటుందంది. తమరు అక్కడితో ఊరుకోక, మరుసటేడు 13 ఆస్పత్రుల నుంచి 43 కేసులు తేల్చారు. తాగడం మొదలెట్టాక ఒళ్ళు తేడా చేయడానికి మధ్యగత లెక్కన (సగం మందికి అంతలోపు, సగం మందికి ఆ పైన) 46 రోజులు. నలభై రోజుల మండలం పూర్తయ్యాక ఆరు రోజులు ఆగారన్నమాట. ఆ మాత్రం భక్తికి సంతోషం.

‘రోగనిరోధక శక్తి పెంచమన్నారు, పెరిగింది, పెరిగి నా మీదే పడింది’ అని తమరి వాదన. ముక్క తీసి పరీక్షిస్తే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (ఒంటి రక్షణ శక్తే కాలేయం మీద దాడి చేసే జబ్బు) పోలికలే కనిపించాయని సాక్ష్యం కూడా చూపిస్తారు. సాక్ష్యాలు ఇక్కడ చెల్లవు.

బాబాయ్ కళ్ళు పచ్చబడ్డప్పుడు డాక్టరు ‘మందులేమైనా వాడుతున్నారా’ అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ‘ఒక్క బిళ్ళ మింగితే ఒట్టు’ అన్నాడు బాబాయ్. అబద్ధం కాదు. జబ్బు తగ్గిస్తేనే అది మందు, తెస్తే వట్టి తీగే. నాలుగోసారికి పిన్ని నోరు జారింది. తీగ మాన్పించాక కొన్ని వారాలకు తమరు బుద్ధిగా దారికొచ్చారు. అదే మాకు మరీ అనుమానంగా ఉంది.

ఈలోగా పిన్ని, కామెర్లకు పసరు పోయించాలని పక్కూరికి ఆటో మాట్లాడింది. అందులో ఏ ఆకు పడుతుందో పసరాయన చెప్పడు, చెబితే గుణం పోతుందట. ఆ పసరు తాగిన ఏడు రోజుల్లోగా తమరి సంజాయిషీ మాకు చేరాలి.