చిన్న కాన్ఫరెన్స్ కోచ్ అని తీసిపారేయకండి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో చిన్న కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల లీగ్) నుంచి వచ్చిన కోచ్ ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లాంటి పెద్దదాంట్లో నెగ్గుకురాలేడని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. కోచ్ టాడ్ గోల్డెన్‌ను ఎస్‌ఈసీ జట్టయిన ఫ్లోరిడా యూనివర్సిటీ 2022లో తెచ్చుకున్నది వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడే శాన్ ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ నుంచే కదా! మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, ఫ్లోరిడాకు జాతీయ టైటిల్ గెలిపించారు. అదీ ఎస్‌ఈసీలోని 16 జట్లలో 14 జాతీయ టోర్నమెంటుకు వెళ్లిన ఏడాది. ఫైనల్లో హ్యూస్టన్ 12 పాయింట్లు ముందుకెళ్లినప్పుడు నేనైతే ఆశ వదిలేసుకున్నాను. చివరి సెకన్లలో హ్యూస్టన్ ఆటగాడు షార్ప్ మూడు పాయింట్ల షాట్ వేయబోతూ గాల్లోకి లేచాడు. ఫ్లోరిడా ఆటగాడు క్లేటన్ అడ్డుకోవడానికి మీదికి రావడంతో బంతి కింద వదిలేశాడు, మళ్లీ పట్టుకుంటే ట్రావెలింగ్ (నిబంధన ఉల్లంఘన). నా గుండె ఆగినంత పనైంది. 65-63తో ఫ్లోరిడాదే గెలుపు! శాన్ ఫ్రాన్సిస్కోను 1998 తర్వాత మళ్లీ 2022లో టోర్నమెంటుకు చేర్చిందీ ఈయనే. ఆ మాట కూడా రాయాల్సింది.