ఆ కొట్టు ఎవరికీ అచ్చిరాదంటారు, నేనొప్పుకోను

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్తుంటే ఒక పాత కొట్టుకి మళ్లీ టు-లెట్ బోర్డు కట్టారు. ఎవర్నడిగినా ఒకటే మాట, "అది ఎవరికీ అచ్చిరాదండీ, దక్షిణం వాకిలి కదా". మరి అదే వాకిలితో ఏళ్ల తరబడి అక్కడ కిరాణా కొట్టు నడిచింది కదా, ఆ ఇంటి ఆడపిల్లల పెళ్లిళ్లు కూడా ఆ గల్లాపెట్టె మీదే అయ్యాయి.

షట్టర్ కింద గడప రాయిలో సన్నటి గాడి ఇప్పటికీ ఉంది, నంబర్లేసిన చెక్క పలకలు అందులోకి జరుపుకుంటూ రాత్రి కొట్టు కట్టేసేవారు. ఆ తర్వాత వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్లొచ్చారు, ఇంటింటికీ కేబుల్ రాగానే పోయారు. గోడ మీద ఫ్లెక్సీ చిరిగిన చోట కనపడే పసుపు రంగు మాత్రం ఎస్టీడీ బూత్ నాటిది. మన వైపు నుంచి హైదరాబాద్, చెన్నై పనులకి వలసపోయినోళ్లు ఎంతమందో తెలిసిందే, వాళ్ల ఇళ్లవాళ్లంతా రాత్రి రేటు తగ్గేదాకా బయట నిలబడి, తీరా అద్దాల కేబిన్‌లోకి వెళ్లాక మాట్లాడేది కొడుకుతోనైనా కళ్లు మాత్రం మీటర్‌లో తిరిగే ఎర్ర అంకెల మీదే ఉండేవి. 2003లో సెల్‌కి ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక బూత్‌కి బేరాలు పడిపోయాయి. బూత్ నడిపినతను జిరాక్స్ మెషీన్ వేసి, రీచార్జ్‌లు చేసి చాలా ఏళ్లు నెట్టుకొచ్చాడు, 2016లో జియో వచ్చాక జనం ఫోన్లోనే రీచార్జ్ చేసుకోవడం అలవాటైపోయి చివరికి ఖాళీ చేశాడు. కాలం తీరింది ఆ వ్యాపారాలకి, ఇందులో కొట్టు చేసిన పాపం ఏముంది?

నన్ను బాధపెట్టేది ఆ తర్వాత జరిగింది. బిర్యానీ పాయింట్, రెడీమేడ్ బట్టలు, టీ ఫ్రాంచైజీ, ఒక్కటీ నిలబడలేదు. దసరా ముందు అడ్వాన్స్ కట్టి దిగుతారు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చే జనాన్ని, ఆ వెంటనే దీపావళి, సంక్రాంతి బేరాల్ని చూసి ఏడాదంతా ఇంతే అనుకుని అద్దెకి ఒప్పేసుకుంటారు. వేసవి దాటి ఆషాఢం వచ్చేసరికి రోజుకి కరెంటు ఖర్చులు కూడా రావు, అద్దె మాత్రం ఒకటో తారీఖుకి కట్టాల్సిందే.

దానికి తోడు 11 నెలల అగ్రిమెంట్. ఏడాది లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని, ఆ ఖర్చు తప్పించుకోడానికి అందరూ 11 నెలలకే రాసుకుంటారు, అది ముగియగానే ఓనర్ అద్దె పెంచమంటాడు, అప్పు చేసి పెట్టిన ఇంటీరియర్ డబ్బులు అప్పటికింకా సగం కూడా వెనక్కి రావు. పెంచలేక వెళ్లిపోతే జనం వాస్తు అంటారు. ఓనర్లకీ లాభం లేదు, ఖాళీగా ఉన్న నెలల అద్దె ఎవరిస్తారు?

ఇప్పుడు దిగబోయేవాళ్లకి నేను చెప్పేదొకటే, వాకిలి మార్పించే డబ్బులతో మూడేళ్ల లీజు రిజిస్టర్ చేయించుకోండి, ఏడాదికి ఎంత పెంచాలో అందులోనే రాయించుకోండి, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆషాఢంలో ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చి ఆ వీధిలో ఎంతమంది నడుస్తున్నారో చూసుకోండి.