రాలేదు. ఎవరు?

పొద్దున్నే మెయిల్ తెరిస్తే నేను పంపిన నలభై తెలుగు వాక్యాల మీద మా రివ్యూయర్ గీసిన ఎర్ర గీతలు. ప్రతి దాని పక్కనా ఒకటే ముక్క: "కర్త లేదు. అసంపూర్ణ వాక్యం. సరిచేసి పంపండి."

సరిచేసి పంపండట! ఎవరు? దేన్ని? ఎవరికి? ఆయనగారు రాస్తే అది పూర్తి వాక్యం. నేను "ఇంకా రాలేదు" అని రాస్తే అసంపూర్ణం.

ఫోన్ చేస్తే ఇంకో ఆణిముత్యం. "తెలుగులో ఏది పడితే అది వదిలేస్తాం కదండీ, రూలంటూ ఏముంది? అందుకే అన్నీ పెట్టమంటున్నాం."

ఏది పడితే అదా? సరే. ఇంట్లో అడుగుతారు, "పిల్లాడేం చేస్తున్నాడు?" అని. "రవి వచ్చాక పడుకున్నాడు" అంటారు. పడుకున్నది పిల్లాడని అందరికీ అర్థమవుతుంది. అదే ప్రశ్నకి "రవి వచ్చి పడుకున్నాడు" అని చెప్పి చూడండి. పడుకున్నది రవే. పిల్లాడి గురించి గంట సేపు మాట్లాడుకున్నా సరే, రవే. మారింది చిన్న ప్రత్యయం. దాంతో పలకని కర్త ఎవరో కూడా మారిపోయింది. 'వచ్చి' అన్నాక రెండు పనులూ ఒక్కరే చేయాలి. బడి మొహం చూడని మా నాయనమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ఇందులో తప్పలేదు. మరి "వాన పడి చెట్టు కూలింది" సంగతేంటని అడిగేవాళ్ళు ఉంటారు. అడగండి, మంచి ప్రశ్నే. అక్కడ ఒకటి కారణం, ఇంకోటి ఫలితం, పైగా వానా చెట్టూ కావాలని ఏదీ చేయవు. అలాంటి చోట 'పడి' కాస్త సడలుతుంది. ఆ సడలింపుకీ లెక్క ఉందండీ!

"సార్, క్రియ చివర చూస్తే కర్త తెలుస్తుంది కదా" అని కూడా చెప్పాను. 'వచ్చాను' అంటే నేను, 'వచ్చావు' అంటే నువ్వు. మనలాగే కర్తని వదిలేసే ఇటాలియన్‌కి చెప్పే కథ ఇదే. కానీ నాకే నమ్మకం కుదరదు. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, జీతం రాలేదు. (చివరిది ఉదాహరణ మాత్రమే కాదు.) 'రాలేదు' ఎవరి కోసమూ ఇసుమంత మారదు, అయినా కర్తని హాయిగా వదిలేస్తాం. చైనీస్ క్రియకైతే ఈ పురుష ప్రత్యయాలే లేవు, వాళ్ళూ వదిలేస్తారు. జేమ్స్ హువాంగ్ అనే భాషావేత్త 1984లోనే దీని మీద పెద్ద వ్యాసం రాశాడు. అంతదాకా ఎందుకు, కనబడకపోవడమే 'లోపం' (తప్పు అని కాదు, జారిపోవడం అని) అంటూ పాణిని సూత్రమే రాశాడు. ప్రత్యయం లోపించినా దాని పని ఆగదని ఆ దగ్గర్లోనే ఇంకో సూత్రం. వినబడనిది లేనట్టు కాదని అంత పాత మనిషికి తెలుసు, మా రివ్యూయర్‌కి తెలియదు.

అసలు ఆయన్ని అని ఏం లాభం? ఎమ్మేలో మాకు చెప్పిందేంటి? భాషావేత్త చామ్‌స్కీ 1982 పుస్తకం, పలకని పదాలు నాలుగు రకాలు, అందులో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసే పెద్ద ప్రో (PRO) ఒకటి, చిన్నక్షరాల్లో రాసే చిన్న ప్రో (pro) ఒకటి. తెలుగు లిపిలో పెద్దక్షరాలే లేవు, నోట్సులో రెండూ 'ప్రో' అని రాసుకుని పరీక్షలో ఏది ఏదో తెలియక చచ్చాను. ఆపైన ఇంగ్లీషువాళ్ళు 'వాంట్ టు'ని కలిపేసి అనే 'వాన్నా'. "హూ డు యూ వాంట్ టు మీట్" (ఎవర్ని కలవాలనుకుంటున్నావు) అన్నప్పుడు వాంట్ టు కలిసి వాన్నా అవుతుందట, "హూ డు యూ వాంట్ టు విన్" (ఎవరు గెలవాలనుకుంటున్నావు) అన్నప్పుడు అవదట. గెలిచేది హూ కదా, అది వాక్యం మొదటికి వెళ్తూ వాంట్‌కీ టుకీ మధ్యలో వదిలి వెళ్ళిన జాడ ఉంది కాబట్టి. నిజమే, అందమైన వాదన. కానీ నేను పుట్టి బుద్ధెరిగాక వాన్నా అనలేదు, నాకు తెలిసిన వాన మబ్బుల్లోంచి పడేదే. నేను పలకని మాటలో పలకని పదం ఎక్కడుందో చెప్పమని అయిదు మార్కులు! 'రాలేదు' సంగతేంటి సార్ అని లేచి అడిగితే వచ్చిన జవాబు, "సిలబస్‌లో లేదు, కూర్చో." క్లాసంతా నవ్వింది. పదకొండేళ్ళయింది, ఆ నవ్వు ఇంకా వినబడుతోంది.

ఇప్పుడు నలభై వాక్యాల్లోనూ 'నేను' 'నువ్వు' 'అతను' ఇరికించాలట. "నువ్వు తిన్నావా? నేను తిన్నాను. నువ్వు నిద్రపోయావా? నేను నిద్రపోయాను." ఇలా మాట్లాడేది పోలీస్ స్టేషన్లో మాత్రమే.

ఇందాక మళ్ళీ ఫోన్ చేశారు, పంపారా అని. పంపలేదన్నాను.